ఉక్కుమనిషి ఆయువుపట్టు

1938వ సంవత్సరము జూన్ నెల పేర అమెరికాలో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ అను పది సెంట్ల పుస్తకపు తొలి సంచిక అట్టమీద, నీలివర్ణపు దుస్తులపై ఎఱ్ఱని ఉత్తరీయము రెపరెపలాడుచుండగా ఒక మోటారుకారును రెండుచేతుల నెత్తి బండకు మోదుచు ప్రత్యక్షమైన సూపర్‌మాన్, నేడు లోకమెల్ల ఎఱిగిన సూపర్‌మాన్ అంతటి బలవంతుడు కాడు. అతడు అప్పటికి ఎగురలేడు. మైలులో ఎనిమిదవ వంతు, అనగా ఇంచుమించు 200 మీటర్ల దూరము, ఒక్క గంతున దుముకగలడు. వడిగల రైలుబండిని మించి పరుగెత్తగలడు. పేలుచున్న ఫిరంగిగుండు తప్ప మఱియేదియు అతని చర్మమును ఛేదింపజాలదు. ఈ కడపటి మాటలో ఒక హద్దు ఉన్నది: ఫిరంగిగుండు ఛేదింపవచ్చునని దాని తాత్పర్యము. ఆ హద్దు ఎంతోకాలము నిలువలేదు. కథకులు ఏటేట అతనికి క్రొత్త శక్తులను చేర్చుచు పోయిరి. గంతు గగనయానమైనది; చూపు గోడలను దూరిపోవు కిరణమైనది; చెవి భూగోళపు ఆవలి అంచునందలి ఆర్తనాదమును సైతము అందుకొనసాగెను; 1950, 60 దశకములు వచ్చునప్పటికి గ్రహములను త్రోయుటయు, కాలమునందు వెనుకకును ముందునకును ప్రయాణించుటయు అతనికి నిత్యకృత్యములైనవి.

ఇట్టి వీరునితో కథ నడుపబూనిన వానికి కలుగు చిక్కు సామాన్యమైనది కాదు. వీరునకు ఏమగునో యను వెఱపు లేనిచో పాఠకునకు పుట త్రిప్పవలసిన అగత్యమే లేదు. హద్దులెఱుగని బలముగలవాడు కథయందు ఎట్లు ఇముడునను ప్రశ్నను ఇటలీదేశపు పండితుడు ఉంబెర్తో ఎకో 1962లోనే సూపర్‌మాన్ గూర్చి వ్రాసిన వ్యాసమున విచారించియున్నాడు. మన పౌరాణికులకైతే ఈ చిక్కు ఏనాడో తెలిసినది. మనుష్యునిచేతను మృగముచేతను, పగటియందును రాత్రియందును, ఇంటిలోపలను వెలుపలను చావు లేకుండునట్లు వరము పడసిన హిరణ్యకశిపుని కథలో, ఆ వరముల నడుమ మిగిలిన సందు ఎక్కడనున్నదో యను ఉత్కంఠయే శ్రోతను కూర్చుండబెట్టును; వరము కోరువేళ రావణుడు నరవానరులను తృణప్రాయముగా నెంచి విడిచిపెట్టుటయే రామాయణమునకు త్రోవ. అయితే మన కథలకును అమెరికావారి ఈ కథలకును ఒక ముఖ్యమైన భేదము కలదు. మన పురాణములందు లోపము బహుళముగా బలవంతుడైన దుష్టునియందుండును, దానిని కనిపెట్టువాడు దేవుడు. కామిక్ కథలయందు లోపము ఉత్తమునియందుండును, దానిని కనిపెట్టువాడు దుష్టుడు. శాపగ్రస్తుడైన కర్ణుని వంటి వీరులు మనకును కలరు గాని, ఆ శాపములు వేళ వచ్చినపుడు తమంతట తామే ఫలించినవి. సూపర్‌మాన్ శత్రువునకు అట్టి శాపముల సహాయము లేదు. అతడు వెదకవలెను, పరిశోధింపవలెను, వీరుని ప్రతి మాటను ప్రతి నడకను ఏండ్లతరబడి కనిపెట్టియుండవలెను. ఈ కథలను శ్రద్ధగా చదివినకొలది నాకు దృఢపడిన అభిప్రాయమిది: వీరుని అభిమానించువారందఱికంటె అతనిని ద్వేషించువాడే అతనిని లోతుగా ఎఱుగును, ఆ ఎఱుక ఎంత లోతైనదో ప్రతినాయకుడు అంత గొప్పవాడు.

సూపర్‌మాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురును 1914లో జన్మించినవారు. ఓహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లండ్ నగరమున ఒకే ఉన్నత పాఠశాలలో చదువుకొన్నవారు. వలసవచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. వీరు సూపర్‌మాన్ అను పేరును మొదట పెట్టినది వీరునకు కాదు, దుష్టునకు. 1933 జనవరిలో, తాము స్వయముగా ప్రతులు తీసి పంచుకొనుచుండిన చిన్న పత్రికలో ప్రకటించిన కథయందు, ఆర్థికమాంద్యపు దినములలో ఉచితముగా పెట్టు రొట్టెకై వరుసలో నిలిచిన ఒక నిరుపేదను రసాయనశాస్త్రజ్ఞు డొకడు ఇంటికి కొనిపోయి ఔషధమొకటి ప్రయోగించగా, పరుల మనస్సులను చదువు శక్తి ఆ పేదవానికి లభించును. లభించిన వెంటనే లోకమును ఏలవలెనను దురాశ పుట్టును. ఔషధప్రభావము తీఱిపోయి మరల ఆ రొట్టెల వరుసలోనికే పోవలసిన దురవస్థతో కథ ముగియును. షుస్టర్ వేసిన బొమ్మలో ఆ దుష్టునిది బట్టతల. అయిదేండ్లు గడచునప్పటికి ఆ పేరు నీతిమంతుడైన వీరునకు సంక్రమించెను గాని, బట్టతలయు మేధాగర్వమును మాత్రము అతని శత్రువులకు దక్కినవి.

ఈ వృత్తాంతము చాల విలువైనదని నా నమ్మకము. అమితమైన శక్తి ఒక మానవునకు లభించినచో అతడు ఏమి చేయునని తమను తాము ప్రశ్నించుకొనినపుడు, ఆకలిదినములను కన్నులారచూచిన ఆ యువకులకు మొదట తోచిన సమాధానము దుర్మార్గమే. మంచివాడైన బలవంతుడు వారికి తరువాతగాని తోచలేదు. తోచినపుడు అతని విశేషము అతని కండలయందు కాక, ఆ కండలకు అతడు తనంతట తాను వేసికొన్న కళ్లెమునందు నిలిచినది. తరువాతి కాలపు ప్రతినాయకులలో ప్రతిభావంతులైన వారందఱును గుఱిపెట్టినది ఆ కళ్లెముమీదనే.

సూపర్‌మాన్‌నకు పలుమార్లు ఎదురుపడిన తొలి ప్రతినాయకుడు 1939 జూన్ సంచికలో వచ్చిన అల్ట్రా హ్యూమనైట్: శిథిలమైన శరీరము, చక్రముల కుర్చీ, అసాధారణమైన బుద్ధి. మఱుసటి యేడు ఏప్రిల్ సంచికలో లూథర్ అను మఱియొక శాస్త్రజ్ఞుడు ప్రవేశించెను. ఆదిలో ఇతనికి ఎఱ్ఱని జుట్టు ఉండెను. 1941లో దినపత్రికలలో వచ్చుచుండిన బొమ్మల కథలో చిత్రకారుడు బట్టతలతో చిత్రించుటతో నాటినుండి అదియే స్థిరపడినది. బాహుబలమునకు ఎదురుగా బాహుబలమును నిలిపినచో అది మల్లయుద్ధమే యగును. ఎదురుగా బుద్ధిని నిలుపుటచేత ఆ కథకులు దీర్ఘకాలము నిలువగల వైరమునకు పునాది వేసిరి. పిడికిలితో కొట్టరాని శత్రువు ఎదుట పర్వతములను పెకలించు చేతులు ఏమి చేయగలవు?

ఇంక క్రిప్టొనైట్. సూపర్‌మాన్ జన్మించిన క్రిప్టాన్ గ్రహము బ్రద్దలైనపుడు దాని తునుకలు ఆకాశమున చెదరి, కొన్ని ఉల్కలై భూమిమీద పడినవనియు, ఆ శిల సమీపించినంతనే అతని బలము హరించిపోవుననియు కల్పన. సీగెల్ 1940లోనే ఇట్టి లోహమొకటి వచ్చు కథను వ్రాసెను గాని అది అచ్చు కాలేదు. ఆ భావము జనులకు తెలిసినది పుస్తకము ద్వారమున కాదు, రేడియో ద్వారమున. 1940 ఫిబ్రవరిలో ప్రారంభమైన రేడియో ధారావాహికలో 1943 జూన్ నెలయందు క్రిప్టాన్ నుండి పడిన ఉల్క ప్రస్తావన వచ్చెను. సూపర్‌మాన్ కంఠమునిచ్చు బడ్ కాలియర్ అను నటుడు సెలవుమీద పోవుటకు వీలుగా, మూలుగుచు పడియుండు సూపర్‌మాన్‌ను కల్పించిరని ఒక వాడుక కలదు. దానిమాట ఎట్లున్నను, కంటికి ఏమియు కనబడని రేడియోలో పర్వతమునెత్తు బలమును చూపుట కష్టము, బలహీనుని మూలుగును వినిపించుట తేలిక. కావున ఈ శిల అక్కడ పుట్టుట స్వాభావికమని చెప్పవచ్చును. 1945వ సంవత్సరము చివరను అదే రేడియోలో, రక్తమునందు క్రిప్టొనైట్ నింపుకొనిన ‘ఆటమ్ మాన్’ అను నాజీ ప్రతినాయకుడు వచ్చెను. అణుబాంబు పడిన కొలదినెలలకే, అదృశ్యమైన కిరణములను వెదజల్లు ఖనిజము లోకమునకు వట్టి కట్టుకథగా తోచియుండదు.

పుస్తకములలోనికి ఈ శిల 1949 నవంబరు–డిసెంబరు సంచికలో వచ్చెను. ఆ కథ భారతీయ పాఠకునకు వింతగా నుండును, ఏలయన ఆ శిల ఉండినది స్వామివేషము వేసికొని జనులను మోసగించుచున్న ఒక వంచకుని తలపాగలో. అతని ఎదుటికి పోయినపుడెల్ల తనకు నీరసము ఏల కలుగుచున్నదో తెలియక సూపర్‌మాన్ ఆ రాతి పుట్టుపూర్వోత్తరములను వెదకుచు కాలమునందు వెనుకకు పోయి, పోయి, తుదకు బ్రద్దలగుచున్న ఒక గ్రహమును, తమ శిశువును చిన్న నౌకలో నుంచి పంపివేయుచున్న తల్లిదండ్రులను చూచును. ఆ శిశువు తానే యని గ్రహించును. తాను భూమిమీద పుట్టినవాడు కాడని, తనవారందఱును నశించిరని, తాను పరదేశినని అతనికి మొట్టమొదట తెలిసినది తనను చంపగల రాయి మూలముననే. అచ్చయిన మొదటి కథలో ఆ శిల ఎఱ్ఱనిది. మనకు పరిచితమైన ఆకుపచ్చవన్నె తరువాత వచ్చినది.

క్రిప్టొనైట్ వట్టి చమత్కారముగాక గొప్ప కల్పన యగుటకు కారణము ఈ కథలోనే ఉన్నదని నేను తలంచుచున్నాను. అది ఏదో విషము కాదు. అతని మాతృభూమి శకలము. తన్ను కన్న నేలయొక్క మట్టియే తనకు ప్రాణాంతకమగుట, విడిచివచ్చిన దేశముయొక్క స్మృతియే మనిషిని మంచము పట్టించుట, వలసదారుల బిడ్డలు పుట్టించిన వీరునకు ఎంత తగిన దౌర్బల్యము! 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున నందమూరి తారకరామారావు కథానాయకుడుగా మన తెలుగువారు తీసికొన్న ‘సూపర్‌మాన్’ చిత్రమునందు వీరునకు శక్తులను ప్రసాదించినవాడు ఆంజనేయుడు. అక్కడ బలము భక్తికి దొరకిన వరము. నశించిన జన్మభూమి దాని వెనుక లేదు. మన కథకులు ఆ వీరుని వేషమును తెచ్చుకొనిరి గాని, అతని దుఃఖమును తెచ్చుకొనవలసిన అవసరము వారికి కలుగలేదు.

మంచి కల్పనను ఎట్లు పాడుచేయవచ్చునో కూడ క్రిప్టొనైట్ చరిత్రమే చెప్పును. సంపాదకుడు మోర్ట్ వైజింగర్ ఏలుబడిలో 1950, 60 దశకములందు ఈ శిలకు రంగులు పెరిగినవి. 1958లో వచ్చిన ఎఱ్ఱ క్రిప్టొనైట్ తగిలినపుడెల్ల ఒక క్రొత్త వికారము: ఒకసారి శిశువగును, ఒకసారి చీమ తల మొలచును. పసిడివన్నెది శక్తులను శాశ్వతముగా హరించును. తెల్లనిది మొక్కలను మాత్రమే చంపును. నీలిది సూపర్‌మాన్ వికృతప్రతిరూపములైన బిజారోలకు మాత్రమే హాని. భూమిమీద పడిన తునుకలు ఎంత సమృద్ధియనగా వీధిదొంగ చేతిలో కూడ ఒకటి ఉండును. దౌర్బల్యము ఇంత సులభముగా లభించునపుడు ప్రతినాయకునకు బుద్ధి ఎందులకు, పరిశోధన ఎందులకు? 1971 జనవరి సంచికలో రచయిత డెనిస్ ఓనీల్, చిత్రకారుడు కర్ట్ స్వాన్, సంపాదకుడు జూలియస్ స్వార్ట్జ్ కలిసి ధైర్యము చేసి, ఒక శాస్త్రప్రయోగము వికటించి భూమిమీది క్రిప్టొనైట్ అంతయు వట్టి ఇనుముగా మాఱిపోయినట్లు వ్రాసిరి; సూపర్‌మాన్ ఒక తునుకను నోట వేసికొని నమలివేసెను. కాని కొలది సంవత్సరములకే అది మరల వచ్చినది. ఒకసారి అలవడిన సులభోపాయమును రచయితలు విడువజాలరైరి.

క్రిప్టొనైట్ విషయమున ఒక చిన్న వింత కలదు. సెర్బియాదేశమున జదార్ లోయయందు దొరకిన ఒక క్రొత్త ఖనిజమును లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియమున పరీక్షించినపుడు, సోడియము, లిథియము, బోరాన్, సిలికేట్, హైడ్రాక్సైడ్ అను దాని కూర్పు, 2006లో వచ్చిన సూపర్‌మాన్ చలనచిత్రమున క్రిప్టొనైట్ పెట్టెమీద వ్రాసిన కూర్పుతో ఇంచుమించు సరిపోయెను. చిత్రములోని దానికి ఫ్లోరిన్ ఒకటి అధికము. జదారైట్ అని నామకరణము చేసిన ఆ ఖనిజము తెల్లనిది, కిరణములు వెలువరింపనిది. 

సూపర్‌మాన్ మార్గమున నడచిన ఇతర వీరులకును కథకులు తలకొక లోపమును కట్టిపెట్టిరి. 1940లో వచ్చిన గ్రీన్ లాంటర్న్ అను వీరుని మహిమగల ఉంగరము కొయ్యమీద పనిచేయదు. 1959లో క్రొత్తగా రూపొందిన గ్రీన్ లాంటర్న్ ఉంగరము పసుపువన్నెమీద పనిచేయదు, అందుచే అతని శత్రువు సినెస్ట్రో పసుపు ఉంగరమునే ధరించును. అంగారకవాసియైన మార్షియన్ మాన్‌హంటర్ అగ్నికి తాళలేడు. వండర్ ఉమన్ కంకణములను పురుషుడు సంకెలతో బంధించినచో ఆమె బలము పోవును. వీనిలో కొన్ని కేవలము తాళముచెవులవంటివి. తలుపు తెఱచుటకు తప్ప వేఱొక అర్థము వానికి లేదు. పసుపురంగునకు అర్థము కల్పించుటకు నలుబదియేండ్లకు పైగా పట్టినది: ఈ శతాబ్దపు తొలి దశకమున జెఫ్ జాన్స్ అను రచయిత, పసుపు భయమునకు గుర్తనియు, భయమును గుర్తించి జయించినవాని ఉంగరము పసుపుమీద కూడ పనిచేయుననియు వ్రాసెను. ఒక్క చిన్న సవరణతో రంగులోపము చిత్తలోపమైనది. కెప్టెన్ మార్వెల్ విషయమును మాత్రము నేను మొదటినుండియు మెచ్చుకొందును. బిల్లీ బాట్సన్ అను బాలుడు మంత్రాక్షరమును ఉచ్చరించినగాని కెప్టెన్ మార్వెల్ కాలేడు. అతని నోటిలో గుడ్డ క్రుక్కిన చాలును, వీరుడే పుట్టడు. పసివాని నోరు నొక్కుట కంటె నీచమైన దుష్టకార్యము వేఱొకటి లేదు కదా.

రాళ్లను రంగులను దాటి వీరుని హృదయమును వెదకిన ప్రతినాయకుల కథలయందే ఈ సాహిత్యము పక్వమైనది. 1978లో రిచర్డ్ డానర్ తీసిన చలనచిత్రమునే చూడుడు. అందు జీన్ హాక్‌మన్ నటించిన లూథర్, పత్రికలో విలేఖరియు సూపర్‌మాన్ ప్రియురాలునైన లోయిస్ లేన్ ప్రకటించిన సూపర్‌మాన్ సంభాషణను చదివి, క్రిప్టాన్ బ్రద్దలైనదను ఒక్క మాటను పట్టుకొని, దాని తునుకలు భూమికి వచ్చియుండునని ఊహించి, అడిస్ అబాబాలో పడిన ఉల్కయొక్క జాడ తీయును. లక్షలమంది చదివిన వార్తను అతడొక్కడే ఆయుధముగా చదివెను. కాని ఆ చిత్రమున సూపర్‌మాన్‌ను నిజముగా దెబ్బతీసినది మెడలో తగిలించిన క్రిప్టొనైట్ కాదు. లూథర్ రెండు క్షిపణులను రెండు దిక్కులకు ప్రయోగించియుండగా, నీటిలో మునిగిపోవుచున్న సూపర్‌మాన్‌ను లూథర్ అనుచరురాలే రక్షింపబూని, తన తల్లియున్న తూర్పుతీరపు ఊరిమీదికి పోవు క్షిపణిని ముందుగా ఆపవలెనని మాట తీసికొనును. అతడు మాట ఇచ్చును. ఇచ్చినమాటకై తూర్పునకు పోవును. ఆ జాప్యమువలన పడమట భూకంపములో లోయిస్ మరణించును. కాలమును వెనుకకు త్రిప్పి ఆమెను బ్రతికించుకొనుట తరువాతి మాట. ఆ త్రిప్పుట నాకు అంతగా రుచింపదు. మాట తప్పనివాడగుటయే అతనికి ముప్పైనదనుట మాత్రము మఱవరానిది.

ఇంతకంటెను లోతైనది 1985లో అలన్ మూర్ వ్రాయగా డేవ్ గిబ్బన్స్ చిత్రించిన కథ. సూపర్‌మాన్ జన్మదినమునాడు మోంగల్ అను ప్రతినాయకుడు కానుకగా ఒక మొక్కను పంపును. అది ఎదకు అల్లుకొని, మనస్సు మిక్కిలి కోరుకొనుదానిని స్వప్నముగా చూపును. చూపుచు మనిషిని చలనములేని శిలగా పడవేయును. లోకమెల్ల రక్షించు ఆ వీరుడు ఆ స్వప్నమునందు కోరుకొనినదేమి? కీర్తి కాదు, రాజ్యము కాదు. క్రిప్టాన్ బ్రద్దలుకాలేదు, తాను అక్కడ ఒక సాధారణ గృహస్థు, భార్య, బిడ్డలు. స్వప్నము పట్టు సడలుచుండగా అతడు తన చిన్నకుమారుని దగ్గఱకు తీసి, నీవు నిజము కాదని నాకు తోచుచున్నదని ఆ బిడ్డకు చెప్పవలసివచ్చును. ఏ ఫిరంగియు చేయలేని గాయము అది. మోంగల్ మహాబలుడు, పిడికిళ్లతో కూడ యుద్ధము చేయగలవాడు. కాని అతడు గెలువబోయినది పిడికిళ్లచేత కాదు, ఎదుటివాని తీఱనికోరికను కనుగొనుటచేత.

బ్యాట్‌మాన్ కథ వేఱు. అతనికి ఏ అద్భుతశక్తియు లేదు. శిక్షణయు ధనమును సంకల్పమును తప్ప. అందుచేత అతని శత్రువు జోకర్‌కును అద్భుతశక్తి లేదు. 1940 వసంతమున ‘బ్యాట్‌మాన్’ మొదటి సంచికలో ప్రవేశించిన జోకర్ ఆ సంచిక చివరనే తన కత్తికి తానే బలికావలసినవాడు. ఇంతటి పాత్రను ఒక్క సంచికతో పోగొట్టుకొనరాదని సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ కడపటి చిత్రమును చేర్పించి బ్రతికించెను. బ్యాట్‌మాన్ ఎవరిని చంపరాదను నియమమును విధించినదియు ఆ సంపాదకుడే. బాలపాఠకుల క్షేమమునకై పెట్టిన ఆ కట్టుబాటు క్రమముగా వీరుని వ్రతమైనది. వ్రతము బిగిసినకొలది జోకర్‌కు పని ఏర్పడినది. అతనికి బ్యాట్‌మాన్‌ను చంపుట ముఖ్యము కాదు. తన్ను బ్యాట్‌మాన్ చంపునట్లు చేసి ఆ వ్రతమును భంగపఱచుట ముఖ్యము. 1988లో జోకర్ చేతిలో చిక్కిన బ్యాట్‌మాన్ బాలసహచరుడు, రెండవ రాబిన్, జేసన్ టాడ్, బ్రతుకవలెనో చావవలెనో టెలిఫోనుమీద తెలుపుడని ప్రకాశకులు పాఠకులనే అడిగిరి. చావవలెనని 5,343, బ్రతుకవలెనని 5,271 పిలుపులు వచ్చినవి. డెబ్బదిరెండు పిలుపుల తేడాతో ఒక బాలుడు మరణించెను, కల్పనయందే యైనను. ఈ పని నాకు మొదటినుండియు హేయముగా తోచుచున్నది. ప్రతినాయకుని క్రౌర్యమునకు పాఠకుని భాగస్వామిగా చేయుట కథకునకు ధర్మము కాదు.

ఆయువుపట్టును గూర్చిన కథలన్నింటిలో నన్ను మిక్కిలి కలచినది 1973 జూన్ నెల పేర వెలువడిన ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 121వ సంచిక. స్పైడర్‌మాన్ అనగా పీటర్ పార్కర్ అను విద్యార్థి యని గ్రీన్ గాబ్లిన్‌కు తెలియును, ఏలయన ఆ ముసుగు వెనుకనున్నవాడు పీటర్ మిత్రుని తండ్రియే. అతడు పీటర్ ప్రేయసి గ్వెన్ స్టేసీని కొనిపోయి న్యూయార్క్ వంతెన శిఖరమునుండి త్రోసివేయును. స్పైడర్‌మాన్ సాలెదారము విసరి, పడిపోవుచున్న ఆమెను సరిగా పట్టును. పైకి లాగికొని విజయగర్వముతో మాటలాడుచుండగానే ఆమె మరణించియున్నదని తెలియును. ఆమె మెడవద్ద అతిసూక్ష్మమైన అక్షరములతో ‘స్నాప్’ అను ధ్వని వ్రాసియుండును. అప్పటికి ఇరువదేండ్లవాడైన జెర్రీ కాన్వే వ్రాసిన ఈ కథకు గిల్ కేన్ బొమ్మలు వేసెను. పాఠకులు ఆగ్రహముతో ఉత్తరములు వ్రాయగా, దారము హఠాత్తుగా ఆపుటచేత కలిగిన కుదుపే మరణకారణమని 125వ సంచిక ఉత్తరముల పుటలో స్పష్టపఱచిరి.

దీనిలో భౌతికశాస్త్రమునకు విరుద్ధమైనదేదియు లేదు. ఎత్తునుండి పడు శరీరమునకు వేగము అంతకంతకు హెచ్చును. దానిని ఆపవలెనన్నచో ఆ గమనవేగము నంతయు సున్న చేయవలెను. ఎంత తక్కువ కాలములో ఆపినచో అంత అధికమైన బలము శరీరముమీద పనిచేయును. కారు ఢీకొన్నపుడు గాలిసంచి మనిషిని కాపాడుటకు కారణము, అది ఆగుటకు పట్టు కాలమును రవంత పొడిగించుటయే. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యుడు జేమ్స్ కకాలియోస్ అతిమానవ వీరుల భౌతికశాస్త్రమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ ఘట్టమునే ఉదాహరణముగా తీసికొని వివరించెను. ఇచ్చట వీరుని లోపము ఒక రాయి కాదు, రంగు కాదు, వ్రతము సైతము కాదు; అతని శక్తియే, తొందరలో ప్రయోగించిన అతని రక్షణయే. గ్రీన్ గాబ్లిన్ చేసినది ఆమెను త్రోయుట. తక్కినది స్పైడర్‌మాన్ చేతిమీదుగా జరిగినది.

తిరిగి లూథర్ కడకు రావలెను, ఏలయన పరుల లోపములను వెదకు వానియందలి లోపమును గూర్చి అతనికంటె బాగుగా చెప్పగల పాత్ర లేదు. 1960 ఏప్రిల్ సంచికలో, సూపర్‌మాన్ బాలుడుగా నున్నపుడు లూథర్ అతనికి మిత్రుడనియు, ప్రయోగశాలలో మంటలు చెలరేగగా ఆ బాలవీరుడు ఊది ఆర్పినపుడు రసాయనములు ఒలికి లూథర్ జుట్టు రాలిపోయిన దనియు, అది అసూయచే చేసిన పనియని అతడు పగబట్టెననియు చెప్పిరి. జుట్టు పోయినందుకు జీవితకాలపు పగయా యని కొందఱు పరిహసింతురు. నాకది అసంబద్ధముగా తోచలేదు. తన్ను రక్షించినవానికి ఋణపడియుండుటను సహింపలేని మనస్సు ఎంత చిన్న కారణమునైనను ఆశ్రయించును. 1986లో జాన్ బర్న్ సూపర్‌మాన్ కథను క్రొత్తగా వ్రాయునపుడు, మార్వ్ వుల్ఫ్‌మన్ తలపు ననుసరించి, లూథర్ పిచ్చిశాస్త్రజ్ఞుడు కాక, నగరమంతయు తన సొత్తని భావించు మహాధనికుడైన వ్యాపారి యయ్యెను. సూపర్‌మాన్ దరిచేరకుండునట్లు అతడు క్రిప్టొనైట్ పొదిగిన ఉంగరము ధరించెను. ఆ రాయి మానవులకు హాని చేయదని నమ్మెను. ఏండ్లకొలది ధరించిన ఆ ఉంగరపు కిరణములచేత అతనికే క్యాన్సర్ సోకినది, చేతిని కోసివేయవలసివచ్చినది.

2000వ సంవత్సరపు కథలలో ఇదే లూథర్ ఎన్నికలలో గెలిచి అమెరికా అధ్యక్షుడయ్యెను. అప్పుడు సూపర్‌మాన్ ఏమియు చేయలేకపోయెను. జనులు ఎన్నుకొనిన పాలకుని బలముచేత తొలగించుట తనకు తగదని అతని నియమము. లూథర్‌కు ఆ నియమము తెలియును. క్రిప్టొనైట్ తునుక యైనను లేకుండ అతనిని కట్టివేసినది అదియే. ఆ పదవిలో అతడు హాయిగా కొనసాగియుండవచ్చును. కాని సూపర్‌మాన్ ఉన్నంతకాలము అతనికి శాంతి లేదు. 2003, 2004 సంవత్సరములలో జెఫ్ లోబ్ వ్రాసిన కథలో క్రిప్టొనైట్ కలిపిన మత్తుమందును తన దేహములోనికి ఎక్కించుకొని, యుద్ధకవచము తొడిగి తానే వీధికెక్కి, సంపాదించిన అధికారమునంతటిని పోగొట్టుకొనెను.

ఈ వైరమునకు మిక్కిలి ఉదాత్తమైన రూపమిచ్చినది 2005 నుండి 2008 వఱకు పండ్రెండు సంచికలుగా గ్రాంట్ మోరిసన్ రచించి ఫ్రాంక్ క్వైట్‌లీ చిత్రించిన ‘ఆల్ స్టార్ సూపర్‌మాన్’. అందు లూథర్ పన్నాగము విచిత్రమైనది. సూర్యరశ్మియే సూపర్‌మాన్ బలమునకు మూలము గనుక, సూర్యుని చేరువకు పోయినవారిని రక్షించుటకు అతడు వచ్చునట్లు చేసి, ఆ రశ్మి అతని దేహమునందు మితిమీఱునట్లు చేయును. బలము తగ్గి కాదు, బలము హెచ్చి అతడు మరణమునకు చేరువ యగును. కడపటి సంచికలో లూథర్ ఔషధమొకటి సేవించి సూపర్‌మాన్ శక్తులను ఒక్కదినమునకు తాను పొందును. కాని సూపర్‌మాన్ పన్నిన ఉపాయముచే కాలము వేగముగా నడచి ఆ శక్తులు త్వరలోనే తీఱిపోవును. అవి తీఱిపోవు వేళ, ఆ కన్నులతో చూచినందున, అణువును అణువునకు, మనిషిని మనిషికి కలుపు బంధమంతయు అతనికి దృగ్గోచరమై కన్నీరు వచ్చును. ప్రతినిత్యము తన శత్రువు లోకమును ఇట్లే చూచుచున్నాడని తెలియును. అంతలోనే పూర్వస్వభావము మరలును. నీవే లేకున్నచో నేను ఈ లోకమును ఉద్ధరించియుందునని అతడు సూపర్‌మాన్‌ను నిందించును. ఆ పని నీకు నిజముగా ముఖ్యమైయుండినచో ఎన్నడో చేసియుండెడివాడవని సూపర్‌మాన్ అతనికి బదులు చెప్పును.